ఒకే తోట ఎర్ర వైన్: వగరు తెలిసిన నాలుకతో తాగడం ఎలా

హైదరాబాద్‌లో వీధికో ‘వైన్స్’ బోర్డు కనిపిస్తుంది. లోపల విస్కీ, బ్రాందీ, బీరు దండిగా ఉంటాయి. వైన్ అడిగితే మాత్రం కౌంటరు వెనక మనిషి ఒకసారి మన ముఖం చూసి, పై అరలో దుమ్ము పట్టిన రెండు సీసాల్లో ఒకటి దించి, గుడ్డతో తుడిచి ఇస్తాడు. మొదటి కష్టం అది. రెండోది ఇంటికొచ్చాక. సీసా వెనక లేబుల్ మీద బ్లాక్ కరెంట్ పండు, సీడార్ చెక్క, వయొలెట్ పూలు అని రాసి ఉంటుంది. వాటిలో ఒక్కటీ మన పెరట్లో పెరగలేదు. దాంతో ఇదేదో మనకు సంబంధం లేని వ్యవహారం అనిపించి, పెగ్గు పోసినట్టు పోసి గటగటా తాగేస్తాం.

నిజానికి ఎర్ర వైన్‌లో కీలకమైన రుచి వగరు. ఇంగ్లిష్ వాళ్లు దానికి టానిన్ అని రసాయనం పేరు చెప్పి, నాలుక ఎండినట్టు ఉంటుందనీ, చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుందనీ తిరిగి తిరిగి వర్ణిస్తారు. మనం ఉగాది పచ్చడిలో దానికి ఆరింట ఒక వంతు పీట వేసి కూర్చోబెట్టాం. నేరేడు పళ్లు తిని, అద్దంలో ఊదారంగు నాలుక చూసుకున్న ప్రతి పిల్లవాడికీ ఈ వైన్ రుచి సగం తెలిసినట్టే. ఆ సగాన్ని పట్టుకుని మిగతా సగానికి చేరడం ఎలాగో, ఒకే తోట ద్రాక్షతో చేసే ఎర్ర మిశ్రమాన్ని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి కాబట్టి, ఇదంతా ఆ వయసు దాటినవాళ్లకే.

ముందు మాటల అర్థం తేల్చుకోండి

మామూలు వైన్‌కు ద్రాక్ష పది ఊళ్ల రైతుల నుంచి వస్తుంది. అన్నీ కలిపి, ఏటా ఒకే రుచి వచ్చేలా సరిచేస్తారు. మనం వాడే టీ పొడి పొట్లం కూడా అంతే. ఒకే తోట వైన్ అంటే, పేరు పెట్టి చెప్పగల ఒక్క తోటలో కాసిన ద్రాక్షతో చేసినది. మండీలో కలగలిపిన మామిడి బుట్టకూ, ఎరిగిన వాళ్ల తోట నుంచి నేరుగా వచ్చిన బుట్టకూ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. వాన ఎక్కువైన ఏడు పండు పలచబడుతుంది, ఆ పలచదనం సీసాలోకీ వస్తుంది. దాచడానికి పక్క ఊరి ద్రాక్ష ఉండదు.

మరి ఒకే తోట అంటూనే మిశ్రమం అనడం ఏమిటని అడగవచ్చు. తోట ఒకటే, రకాలు రెండు మూడు. జొన్నలో కంది వేసిన చేను తలచుకోండి. ఫ్రాన్స్‌లోని బోర్డో రైతులు కాబెర్నె సావిన్యోన్, మెర్లో అనే రకాలను పక్కపక్కనే పెంచడానికి కారణమూ అదే లెక్క. మెర్లో ముందు పండుతుంది, కాబెర్నె ఆలస్యంగా పండుతుంది. కోతల వేళ వాన పడి ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలబడుతుంది. ఆ జాగ్రత్తే తర్వాత రుచి అయింది: కాబెర్నె వగరునూ గట్టిదనాన్నీ ఇస్తే, మెర్లో ఆ గట్టిదనం మీద మెత్తని కండ పట్టిస్తుంది. ఇంకా కొద్దిగా కలిపే రకాల్లో కాబెర్నె ఫ్రాంక్ పరిమళాన్నీ, పెటి వెర్డో చిక్కటి రంగునూ ఇస్తాయి.

ఇటలీలో కియాంతి ప్రాంతపు తిన్యానెల్లో ఇలాంటిదే. తోట పేరే వైన్ పేరు. 1971 పంటతో ఆ పేరు మొదలైంది. సంజొవేజె అనే స్థానిక రకం ఎక్కువ, దానికి కాబెర్నెలు తోడు. కాలిఫోర్నియాలో రిడ్జ్ అనే వైన్ కంపెనీ వాళ్లు 1966 నుంచి చేస్తున్న గైజర్‌విల్ అనే వైన్‌లో జిన్‌ఫండెల్ రకం ద్రాక్షతో పాటు అదే తోటలో కలిసి పెరిగిన పాత రకాలు ఉంటాయి. అచ్చం మన జొన్న, కంది చేను.

హైదరాబాద్ వాళ్లకు ద్రాక్ష కొత్తది కాదు. అనాబ్-ఎ-షాహీ ఈ ఊరి రకమే, పందిళ్ల మీద పెంచిన పెద్ద పెద్ద కాయల లేత బంగారు రంగు ద్రాక్ష. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ఉంది. అయితే తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. వైన్ ద్రాక్ష చిన్నగా, దళసరి తొక్కతో, విత్తనాలతో ఉంటుంది. తినబోతే విసుగొస్తుంది. కానీ రంగూ వగరూ ఉండేది ఆ తొక్కలోనూ విత్తులోనే. ఎర్ర వైన్‌కు రసాన్ని తొక్కలతోనే పులియబెట్టడం అందుకే.

సీసా ఎంచుకోవడం

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు పెద్ద దుకాణాల్లో ఎంపిక ఎక్కువ. మన దేశపు వాటితోనే మొదలుపెట్టండి. నంది హిల్స్ దగ్గర తయారయ్యే గ్రోవర్ లా రిజర్వ్, కాబెర్నెకు షిరాజ్ అనే ఇంకో ఎర్ర వైన్ ద్రాక్ష రకం కలిపిన మిశ్రమం. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వాళ్లు చేసే సెట్టేలో సంజొవేజె, కాబెర్నె ఉంటాయి, అంటే ఇందాకటి తిన్యానెల్లో జోడీయే. మిశ్రమం రుచి తెలుసుకోవడానికి ఈ రెండూ మంచి మెట్లు. ఒకే తోట అనే మాటకు దగ్గరగా వెళ్లాలంటే హంపి కొండల దగ్గరి కృష్మా చూడండి. అది హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ నాటిన తోట. వాళ్లిద్దరి పేర్లు కలిపితే వచ్చిన పేరు అది. సొంత ద్రాక్షతోనే చేస్తారు.

లేబుల్ మీద మూడు చోట్ల కన్ను వేయండి. మొదటిది తోట పేరు. అమెరికా సీసా మీద తోట పేరు ఉంటే, అందులో కనీసం 95 శాతం ద్రాక్ష ఆ తోటదే కావాలని అక్కడి చట్టం. రెండోది సంవత్సరం. మన దేశంలో వైన్ ద్రాక్షకు సెప్టెంబరు, అక్టోబరుల్లో కత్తిరింపులు చేసి, ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు, కాబట్టి 2022 అని ఉంటే ఆ ఏడు మొదట్లో కోసిన పండు. అదే యూరప్ సీసా అయితే సెప్టెంబరు, అక్టోబరు కోత. మూడోది ‘రిజర్వ్’ అన్న మాట. స్పెయిన్, ఇటలీ తమ భాషల్లో రాసుకునే ఆ మాటకు చట్టపరమైన అర్థం ఉంది. చాలా చోట్ల అది అలంకారం మాత్రమే, దాన్ని చూసి వెయ్యి రూపాయలు ఎక్కువ ఇవ్వకండి.

లేబుల్ కన్నా ముఖ్యమైనది సీసా ఎక్కడ నిలబడి ఉందో. ఒకసారి ఒక దుకాణంలో అద్దం వెనక ఎండ పడే చోట అలంకారంగా పెట్టిన మంచి సీసా కొన్నాను. ఇంట్లో తెరిస్తే అడుగంటిన చింతపండు గుజ్జు వాసన. తయారీదారుడి తప్పు కానే కాదు, సీసా ఎన్ని నెలలు ఎండకు ఉడికిందో! అప్పటి నుంచి కొనేముందు మెడ తడిమి చూస్తాను. బిరడా పైకి తన్నుకొచ్చి ఉన్నా, మెడ దగ్గర జిగురు కారిన గుర్తు ఉన్నా అక్కడే వదిలేస్తాను. మీరూ అద్దంలోది కాకుండా లోపలి అరలోది అడగండి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి

ఫ్రిజ్ మీద కాదు. వంటింటి అటక మీద కాదు. మేలో బీరువా పైన అసలే వద్దు. వారం పది రోజుల్లో తాగేది అయితే ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, చీకటిగా ఉండే మూలలో, బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టి ఉంచండి. బిరడా తడిగా ఉంటే గాలి చొరబడదు. మర మూత అయితే నిలబెట్టినా పరవాలేదు. ఎండాకాలం దాటించాల్సి వస్తే ఫ్రిజ్‌లో కూరగాయల అరే దిక్కు. పుస్తకాలు ఒప్పుకోకపోవచ్చు, కానీ పుస్తకాలు రాసినవాళ్లు నలభై డిగ్రీల మే నెలలో హైదరాబాద్ మేడ మీద గదిలో ఉండలేదు.

చల్లబరచడం

‘ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అనే మాట చలిదేశపు రాతి ఇళ్లలో పుట్టింది. ఆ గదిలో 16 నుంచి 18 డిగ్రీలు ఉండేది. మన గదిలో ఏప్రిల్‌లో 32 ఉంటుంది. ఆ వేడిలో పోస్తే సారా వాసన ముందు ముక్కుకు తగిలి, మిగతావన్నీ దాని వెనక దాక్కుంటాయి. మరీ గడ్డకట్టేంత చల్లబరిస్తే పరిమళం మూతి ముడుచుకుంటుంది, వగరు కరుకవుతుంది.

‘అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి’ అనే సలహా కూడా అక్కడిదే. మన వేసవి గదిలోని సీసా 18కి దిగడానికి ఫ్రిజ్‌లో గంటన్నర దాకా పడుతుంది. డిసెంబరులో అయితే అరగంట, ముప్పావుగంట చాలు. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐసు, నీళ్లు సగం సగం పోసి మెడ దాకా ముంచండి, పావుగంటలో అవుతుంది. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి అడ్డుపడుతుంది, నీళ్లు తప్పనిసరి. చేత్తో పట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లగా అనిపిస్తే చాలు. గ్లాసులో మళ్లీ ఎలాగూ వేడెక్కుతుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తక్కువలోనే పోయండి.

తెరవడం

కార్క్‌స్క్రూ మొనను బిరడా నడిమధ్యన గుచ్చి, నిటారుగా తిప్పండి. చివరి చుట్టు బయట కనిపిస్తుండగానే ఆపి లాగండి. అడుగు దాకా తిప్పితే బిరడా ముక్కలు వైన్‌లో తేలతాయి. తేలినా కొంప మునగదు, టీ వడగట్టే జాలీ ఉంది కదా. మసాలా టీ వాసన లేని కొత్త జాలీ అయితే మేలు.

పోసే ముందు వాసన చూడండి. తడిసిన గోనెసంచి వాసనో, వానలో నానిన అట్టపెట్టె వాసనో వస్తే బిరడా చెడినట్టు. అది మంచి తోటకూ, ఖరీదైన సీసాకూ కూడా జరుగుతుంది. ఆరోగ్యానికి ముప్పు లేదు, రుచి మాత్రం చచ్చిపోతుంది. హోటల్లో అయితే మొహమాటపడకుండా తిప్పి పంపండి. ముందుగా కాస్త పోసి చూపించడం అందుకే, నచ్చిందో లేదో అడగడానికి కాదు.

వయసు తక్కువ వైన్‌ను గాజు జగ్గులోకి ఒంపి అరగంట నుంచి గంట వదిలేయండి. గాలి తగిలి బిగువు సడలుతుంది. ప్రత్యేకమైన పాత్ర అక్కరలేదు, మూతి వెడల్పున్న జ్యూస్ జగ్గు చాలు. రాగి చెంబులో మాత్రం వద్దు, వైన్ పులుపు రాగితో పడదు. పదేళ్లు పైబడిన సీసా అయితే ముందు రోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. దాన్ని మెల్లగా ఒంపి వెంటనే తాగాలి, గంటలు గంటలు గాలికి పెడితే ఉన్న పరిమళం కాస్తా పోతుంది.

వగరు అభ్యాసం

ఇదొక్కటి చేయకుండా సీసా తెరవకండి అంటాను నేను. మూడు కప్పుల వేడి నీళ్లు, కప్పుకు ఒక చెంచా టీ ఆకు. పాలూ చక్కెరా వద్దు. మొదటిది రెండు నిమిషాలకు, రెండోది ఐదు నిమిషాలకు, మూడోది పది నిమిషాలకు వడగట్టండి. చల్లారాక వరుసగా ఒక్కో గుక్క. మొదటిదాంట్లో వాసన ఉంటుంది, పట్టు ఉండదు. రెండోది చిగుళ్లకు తగులుతుంది. మూడోది పై పెదవి లోపలి వైపును పళ్లకు అతికించినట్టు చేస్తుంది. ఆ అతుకుడే వగరు. ఉమ్మిలో ఉండే మాంసకృత్తులను టానిన్ పట్టేసుకోవడం వల్ల నోట్లో జారుడుతనం పోతుంది. గుర్తుపట్టే సూత్రం చాలా చిన్నది: పులుపుకు నోరు ఊరుతుంది, వగరుకు నోరు ఎండుతుంది.

ఇప్పుడు ఆ మూడో కప్పులో రెండు చెంచాల చిక్కటి పాలు పోసి తాగండి. వగరు ఎక్కడికి పోయిందో చూడండి. ఉమ్మిని పట్టుకోవాల్సినది పాలలోని మాంసకృత్తులను పట్టుకుంది. ఇరానీ హోటల్లో గంటల తరబడి మరిగిన డికాక్షన్ నల్లగా, నోట పెట్టలేనంత వగరుగా ఉంటుంది. దాని మీద చిక్కటి పాలు పోయగానే ఈ ఊరంతా ఇష్టపడే చాయ్ అవుతుంది. ఎర్ర వైన్ పక్కన మాంసమో పనీరో ఎందుకు పెట్టుకుంటారో ఆ ఒక్క కప్పు చాయ్ చెప్పేస్తుంది.

వగరులోనూ రకాలు ఉన్నాయి. బజారు నల్ల ద్రాక్ష తొక్కను విడిగా నమలండి, తర్వాత విత్తును కొరకండి. తొక్కది మెత్తని వగరు, విత్తుది చేదు కలిసిన మొరటు వగరు. మంచి వైన్‌లో వగరు మగ్గిన నేరేడులా నాలుకంతా పరుచుకుని నెమ్మదిగా జారుకుంటుంది. నాసిరకంలో పచ్చి అరటికాయ కొరికినట్టు ఒకే చోట పట్టుకుని వదలదు. ఈ తేడా తెలిసిందా, సీసా ధర చూడకుండానే సగం తీర్పు చెప్పగలరు.

తాగడం

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉండాలి. మూడో వంతుకు మించి పోయకండి. మిగతా చోటు వాసన కోసం. అలమరలో నెలల తరబడి బోర్లించిన గ్లాసుకు చెక్క వాసన పడుతుంది, సబ్బు లేకుండా వేడి నీళ్లతో తొలిచి తుడవండి.

గ్లాసును బల్ల మీదే ఉంచి కాడ పట్టుకుని రెండు చుట్లు తిప్పి ముక్కు దగ్గరకు తీసుకోండి. లేబుల్ చెప్పిన పేర్లు పక్కన పెట్టి మీ ఇంటి వాసనలు వెతకండి. వాళ్ల బ్లాక్ కరెంట్‌కు మన నేరేడు దగ్గరి చుట్టం. వాళ్ల ప్లమ్, మన దమ్ వంటల్లో వేసే ఆలూబుఖారా. సీడార్ అంటే పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే పొట్టు. షిరాజ్‌లో మిరియం తగిలితే అది భ్రమ కాదు, రెండింటిలోనూ ఉండే పరిమళ పదార్థం ఒకటే. లవంగం తగిలితే అది ద్రాక్షది కాదు, కాల్చిన ఓక్ పీపాది. క్యాప్సికం కోసినట్టు పచ్చి వాసన ఉంటే కాబెర్నె పూర్తిగా పండకముందే కోశారని అనుమానించవచ్చు. మా అమ్మమ్మగారి తాతగారి చుట్టల డబ్బా వాసన నాకు ఒక బోర్డో సీసాలో దొరికింది. అది ఏ లేబుల్ మీదా రాయరు.

తర్వాత ఒక గుక్క నోట్లో నాలుగైదు క్షణాలు ఆపి, నోరంతా తిప్పి, మింగండి. మింగాక ఏమి మిగిలిందో, ఎంతసేపు మిగిలిందో గమనించండి. మిశ్రమం గొప్పతనం అక్కడే బయటపడుతుంది. ఒకే రకం వైన్ తరచుగా మొదట గట్టిగా పలికి నడుమ బోలుగా వినిపిస్తుంది, మిశ్రమంలో నడుమ నింపేవాళ్లు ఉంటారు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే కలిపి చూడండి. ఒక కాబెర్నె, ఒక షిరాజ్ తెచ్చుకుని, దగ్గు మందు మూతతో కొలవండి. కాబెర్నె ఏడు మూతలు, షిరాజ్ మూడు. తర్వాత సగం సగం. తర్వాత తిరగేసి. నలుగురు మిత్రులు కూర్చుంటే నాలుగు వాదనలు వస్తాయి, ఆ సాయంత్రం బాగా గడుస్తుంది.

పక్కన ఏమి తినాలి

ఇక్కడే మన ఊరు పరీక్ష పెడుతుంది. కారం పెరిగితే వగరు మొరటుగా తోస్తుంది, వైన్‌లోని ఆల్కహాలు మంటను ఎగదోస్తుంది. కాబట్టి మిర్చీ కా సాలన్‌తో బిర్యానీ పెట్టుకుని ఎర్ర వైన్ తెరిస్తే రెండూ పాడవుతాయి. బిర్యానీకి బిర్యానీయే చాలు. గోంగూర మాంసంతో కూడా పొసగదు, ఆ పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. ఖుబానీ కా మీఠా లాంటి తీపి తర్వాత తాగితే చేదుగా ఉంటుంది.

పత్తర్ కా గోష్త్ మాత్రం దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. రాతి బండ మీద కాలిన మాంసం, కొవ్వు, ఉప్పు, మిరియం. ఉప్పూ కొవ్వూ వగరును లొంగదీస్తాయి. షికంపురీ కబాబ్ కూడా బాగుంటుంది, లోపలి పెరుగు మెత్తదనం పాలు చేసిన పనే చేస్తుంది. మాంసం తిననివాళ్లు గుత్తి వంకాయ కూరలో ఎండుమిర్చి సగానికి తగ్గించి, నువ్వులు, పల్లీలు పెంచి చేసుకోండి. కంద వేపుడు, మిరియాల పొడి చల్లిన పుట్టగొడుగులు కూడా సరిపోతాయి. ఆవకాయ జాడీ ఆ పూటకు బల్ల దించేయండి.

లెక్క

750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులు. 13.5 శాతం వైన్ ఒక గ్లాసులో సుమారు 16 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గుకు ఒకటిన్నర రెట్లు. ‘వైనే కదా’ అని బండి తీయకండి. చట్టం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఒక్క గ్లాసే కొందరిని ఆ గీత దాకా తీసుకెళ్తుంది. క్యాబ్ పిలవండి.

మిగిలితే

బిరడా తిప్పి పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఒకే తోట మిశ్రమమైతే కావాలనే ఒక గ్లాసు మిగల్చండి. మొదటి రాత్రి మూతి ముడుచుకుని కూర్చున్న వైన్ మర్నాడు సాయంత్రం, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాక, పలకరించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. మొదటి రోజు రాసుకున్న మాటలు పక్కన పెట్టుకుని తాగండి. అడుగున నల్లగా మడ్డి కనిపిస్తే గ్లాసులోకి రానివ్వకుండా సీసాలోనే వదిలేయండి.